పక్షవాతం తరువాత మళ్ళీ చదవడం: ఇంట్లో సాధన ఎలా చేయించాలి?

"మా నాన్నగారు రోజూ తెల్లవారకముందే పేపరు కోసం గేటు దగ్గర నిలబడేవారు. పక్షవాతం వచ్చి నాలుగు నెలలయింది. నడుస్తున్నారు, అన్నం తింటున్నారు, మాట కూడా చాలావరకు తిరిగి వచ్చింది. కానీ పేపరు మడత కూడా విప్పడం లేదు. మళ్ళీ చదవగలరా?" తండ్రి స్థానంలో అమ్మో, భర్తో, అత్తగారో ఉండవచ్చు, పేపరు స్థానంలో నవలో, భాగవతమో ఉండవచ్చు, అడిగేవారందరి బెంగా ఇదే. చాలామంది మళ్ళీ చదవగలుగుతారు. కొందరు మునుపటిలాగానే చదువుతారు, కొందరు నెమ్మదిగా చదువుతారు, ఇంకొందరు సగం కంటితో, సగం చెవితో చదువుతారు. ఎంతవరకు రాగలరన్నది మెదడులో దెబ్బ తగిలిన చోటు మీద, దాని తీవ్రత మీద, ఆ తరువాత జరిగే సాధన మీద ఆధారపడుతుంది. మొదటి మూడు నెలల్లో కోలుకోవడం వేగంగా ఉంటుందన్నది నిజమే అయినా, ఆ గడువు దాటితే ఇక ఆశ లేదనడం సరికాదు. ఏళ్ళు గడిచాక కూడా సాధనతో మెరుగుపడినవారు ఉన్నారు.

కాలికీ చేతికీ ఫిజియోథెరపీ చేయించడంలో మనవాళ్ళు వెనుకాడరు. చదువు దగ్గరికి వచ్చేసరికి మాత్రం "ఈ వయసులో చదివి ఏం చేయాలిలే" అని వదిలేస్తారు. యాభై ఏళ్ళపాటు రోజూ చదివిన మనిషికి చదువు ఆగిపోవడమంటే రోజులో ఒక పెద్ద భాగం ఖాళీ అయిపోవడమే. పక్షవాతం వచ్చినవారిలో సుమారు మూడోవంతు మందిని మానసిక కుంగుబాటు పట్టుకుంటుంది కాబట్టి, వారికి ఇష్టమైన పనిని తిరిగి అందించడాన్ని కూడా చికిత్సలో భాగంగానే చూడాలి.

ఈ వ్యాసం పక్కన కూర్చుని సాధన చేయించే కుటుంబ సభ్యుల కోసం రాసినది. ఇది స్పీచ్ థెరపిస్టుకు ప్రత్యామ్నాయం కాదు. థెరపిస్టు దగ్గరికి వెళ్ళే రోజుల మధ్య ఇంట్లో చేయవలసిన పని.

ముందుగా ఒక హెచ్చరిక

నిన్నటివరకు చదువుతున్న మనిషి ఇవాళ హఠాత్తుగా అక్షరాలు పోల్చుకోలేకపోయినా, చూపులో ఒక పక్క మాయమైనా, మాట తడబడినా, మూతి వంకరపోయినా, చేయి లేదా కాలు పట్టు తప్పినా దాన్ని అలసట అనుకోకండి. అది మరో దెబ్బ కావచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయండి. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌ను సాధారణంగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపే ఇవ్వవలసి ఉంటుంది కాబట్టి, "కాసేపు పడుకుంటే తగ్గుతుంది" అంటూ గడిపే ప్రతి నిమిషమూ నష్టమే.

కావలసినవి

- వ్యాసపీఠం. ఒక చేయి పనిచేయని మనిషి పుస్తకాన్ని పట్టుకోలేరు, పుట తిప్పలేరు. పారాయణానికి వాడే చెక్క పీఠం ఇంట్లో ఉంటే అదే చాలు. లేకపోతే వంట పుస్తకాలు నిలబెట్టే స్టాండు వాడవచ్చు. పుటలు కదలకుండా రెండు బట్టల క్లిప్పులు కూడా ఉంచుకోండి.
- వెనుక నుంచి, ఎడమ భుజం మీదుగా పడే మంచి వెలుగు.
- మెరుపు లేని నల్ల అట్ట ముక్క. దాని మధ్యలో ఒక్క పంక్తి మాత్రమే కనిపించేలా పొడవాటి కిటికీ కోయండి.
- ఎర్ర స్కెచ్ పెన్ను, తేదీలు వేసి రాసుకోవడానికి ఒక నోటు పుస్తకం, గడియారం.
- పెద్ద అచ్చులో ఉన్న పాఠాలు. వీటిని ఎలా తయారు చేసుకోవాలో మూడో మెట్టులో చెబుతాను.

1. చదువు ఎక్కడ ఆగిపోతోందో కనిపెట్టండి

అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇదే, ఎక్కువమంది దాటవేసేదీ ఇదే. "చదవలేకపోతున్నారు" అన్న ఒక్క మాట వెనుక అయిదారు వేరువేరు లోపాలు ఉంటాయి, ఒకదానికి పనికివచ్చే సాధన మరొకదానికి పనికిరాదు. వారు అలసిపోకముందు, ఉదయం పూట, పెద్ద అక్షరాలతో ఆరు పంక్తులు రాసిన కాగితాన్ని వారి ముందు పెట్టి పైకి చదవమనండి. దిద్దకండి, అందించకండి. వారు పలికినదాన్ని పలికినట్టే మీ నోటు పుస్తకంలో రాసుకోండి.

పంక్తి మొదలునో, మాట మొదలునో వదిలేస్తున్నారేమో చూడండి. "విజయవాడ"ను "వాడ" అనీ, "శ్రీనివాసరావు"ను "రావు" అనీ చదువుతూ, తాము వదిలేసిన సంగతే తమకు తెలియకపోతే, ఎడమ వైపు మీద ధ్యాస పోయిందని అనుమానించాలి. ఇది సాధారణంగా మెదడు కుడి భాగానికి దెబ్బ తగిలి, ఎడమ చేయి పడిపోయినవారిలో కనిపిస్తుంది. వీరు పళ్ళెంలో ఎడమ పక్కనున్న కూరను కూడా ముట్టరు.

మాట చివర వదిలేస్తుంటే కుడి వైపు చూపు తగ్గి ఉండవచ్చు. తెలుగు చదివేవారికి ఇది పెద్ద చిక్కు. మన భాషలో కాదు, లేదు, వద్దు అన్నవన్నీ క్రియ చివర చేరుతాయి. "వేసుకోవచ్చు", "వేసుకోకూడదు" అన్న రెండు మాటలకూ మొదలు ఒకటే. తేడా అంతా కుడి అంచున ఉంది. మొదటి మూడు అక్షరాలు చూసి మిగతాది ఊహించి చదివే మనిషి ఆ వాక్యానికి పూర్తిగా వ్యతిరేకమైన అర్థం తీసుకునే ప్రమాదం ఉంది. అందువల్ల చదువు కుదుటపడేవరకు మందుల చీటీలు, బ్యాంకు కాగితాలు వారొక్కరే చదివి నిర్ణయం తీసుకోకుండా చూడండి. హైదరాబాదులో తెలుగుతో పాటు ఉర్దూ చదివే అలవాటున్నవారి విషయంలో మరో సంగతి గమనించాలి: ఉర్దూ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది కాబట్టి, తెలుగు చదువును దెబ్బతీసిన కుడి చూపు లోపం ఉర్దూ చదువుకు అంతగా అడ్డు రాకపోవచ్చు, ఎడమ చూపు పోయినవారి విషయంలో దీనికి తలకిందులుగా జరగవచ్చు.

మూడో రకం వింతగా కనిపిస్తుంది. చూపు బాగానే ఉంటుంది, మాట బాగానే ఉంటుంది, చెబితే రాయగలరు కూడా. కానీ తాము రాసినదాన్నే కాసేపయ్యాక చదవలేరు. ఫ్రాన్సులో జూల్ డెజెరిన్ అనే నాడీ వైద్యుడు 1892లోనే ఇలాంటి రోగి గురించి వివరంగా రాశాడు. ఆ రోగి అంకెలను మాత్రం చదవగలిగేవాడు. కెనడాకు చెందిన డిటెక్టివ్ నవలాకారుడు హోవర్డ్ ఎంగెల్‌కు 2001లో జరిగింది కూడా ఇదే. ఉదయం పేపరు చేతికి తీసుకుంటే అక్షరాలన్నీ తెలియని భాషలోవిగా కనిపించాయట. ఆయన నోటిలోనే నాలుకతో అక్షరాల ఆకారాన్ని దిద్దుకుంటూ చదవడం నేర్చుకుని, ఆ తరువాత మళ్ళీ నవలలు రాశారు.

అక్షరాలు పలుకుతున్నా అర్థం అందకపోవడం, "అక్క" అని ఉన్నచోట "చెల్లి" అనడం, పొట్టి విభక్తులను వదిలేయడం వంటివి కనిపిస్తే అది అఫేసియా అనే భాషా లోపంలో భాగం కావచ్చు. రెండు పేరాలు చక్కగా చదివి మూడో పేరాకు వచ్చేసరికి మొదటిది మరిచిపోతుంటే లోపం జ్ఞాపకంలోనో, ఏకాగ్రతలోనో ఉంది. మొదటి అయిదు నిమిషాలు బాగా చదివి ఆ తరువాత ఒక్కసారిగా తప్పులు పెరిగితే అది అలసట. ఒకే మనిషిలో ఇవి రెండు మూడు కలిసి కూడా ఉంటాయి.

మీరు గమనించినదాన్ని కంటి వైద్యునికీ, నాడీ వైద్యునికీ చూపించండి. ఏ వైపు చూపు ఎంత పోయిందో చెప్పే ఫీల్డ్ పరీక్ష చేయించమని అడగండి. మామూలు అద్దాల షాపులో పవరు పరీక్ష చేయించి కొత్త అద్దాలు తెచ్చినంత మాత్రాన సగం చూపు లోపం పోదు. అక్షరాలు రెండుగా కనిపిస్తుంటే దానికి వేరే చికిత్స ఉంది. మీ అంతట మీరు ఒక కంటికి గంతలు కట్టి ఉంచకండి.

2. సమయం ఖాయం చేయండి

పక్షవాతం తరువాత వచ్చే అలసట మామూలు అలసట వంటిది కాదు, నిద్రతో తీరిపోదు. రోజూ ఉదయం, ఫలహారం చేసి మందులు వేసుకున్నాక, ఫిజియోథెరపీకి ముందు, పది నిమిషాలతో మొదలుపెట్టండి. పది ఎక్కువైతే అయిదు చాలు. టీవీ ఆపేయండి. వారు ఇంకా చదవగలరనిపిస్తున్నప్పుడే ఆపడం మంచిది, ఎందుకంటే విసుగుతో ముగిసిన సాధనకు మర్నాడు కూర్చోబెట్టడం కష్టం.

3. ఏం చదివించాలో ఎంచుకుని, అచ్చును సిద్ధం చేయండి

పిల్లల వాచకాలు తెచ్చి పెట్టకండి. జీవితమంతా రాజకీయ వార్తలు చదివిన మనిషి చేతిలో "అల, వల, తల" పెడితే వారికి కలిగే అవమానం అక్షరాల కష్టం కంటే పెద్దది. పాఠం సులువుగా ఉండాలి, విషయం మాత్రం పెద్దవారికి తగినదై ఉండాలి. క్రికెట్ ఇష్టమైతే నిన్నటి మ్యాచి వార్త నుంచి నాలుగు వాక్యాలు, వంట ఇష్టమైతే వారు రోజూ చేసిన పులిహోర పద్ధతి, వ్యవసాయం చేసినవారైతే పంట ధరలు తీసుకోండి.

మొదటి వారాలకు నా దృష్టిలో అన్నిటికంటే మంచి పాఠం వారు చిన్ననాడు కంఠస్థం చేసిన శతక పద్యం. మాట సరిగా రానివారు కూడా కంఠస్థమైన పద్యాన్ని, పాటను, వారాల పేర్లను ధారగా అనగలగడం తరచుగా కనిపిస్తుంది. పద్యం నోట నడుస్తుంటే కన్ను దాని వెంట అక్షరాలను పట్టుకుంటుంది. అయితే పద్యం జ్ఞాపకం నుంచి సాగిపోతూ కళ్ళు ఎక్కడో ఉండే అవకాశం కూడా ఉంది కాబట్టి, మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి "ఇదేమిటి?" అని అడిగి సరిచూడండి.

తెలుగు అచ్చులో అక్షరం సైజు ఎంత ముఖ్యమో పంక్తుల మధ్య ఖాళీ కూడా అంతే ముఖ్యం. ఇరుకు అచ్చులో పై పంక్తి వత్తులు వచ్చి కింది పంక్తి గుడులకూ తలకట్లకూ తగులుతుంటాయి; "క్ష్మి", "స్త్రీ" వంటివి వచ్చినచోట కన్ను తడబడి పంక్తి మారిపోతుంది. కంప్యూటరులో టైపు చేసేటట్లయితే అక్షరాన్ని 20 పాయింట్లకు, పంక్తుల మధ్య దూరాన్ని ఒకటిన్నర నుంచి రెండింతలకు పెంచి, పంక్తికి నాలుగైదు మాటలకు మించకుండా అమర్చండి. కంప్యూటరు లేకపోతే పేపరులో ఒక కాలమ్ కత్తిరించి, తెల్ల కాగితం మీద అంటించి, జిరాక్స్ షాపులో ఏ4 నుంచి ఏ3కి పెంచమనండి. అక్షరం 141 శాతానికి పెరుగుతుంది, చాలకపోతే ఆ ప్రతినే మళ్ళీ పెంచవచ్చు. పేపరు కాలమ్ సన్నగా ఉండడం ఇక్కడ మేలే చేస్తుంది, ఎందుకంటే కన్ను దూరం పోనవసరం లేదు. ఫోనులో చదివే అలవాటున్నవారికి అక్షరాన్ని పెద్దది చేసి ఇవ్వవచ్చు గానీ, వేలు తగలగానే పుట జారిపోయే చోట మొదట్లో సాధన వద్దు.

4. విని, కలిసి, ఆ తరువాత ఒంటరిగా

పక్కపక్కన కూర్చోండి. ఎదురుగా కూర్చుంటే పరీక్ష పెడుతున్నట్టు ఉంటుంది.

మొదట మీరు ఒక వాక్యాన్ని, ప్రతి మాట కింద వేలు నడుపుతూ, మామూలు మాటల వేగం కంటే కొంచెం నెమ్మదిగా చదవండి. వారు అక్షరాల మీద చూపు నిలిపి వింటారు. తరువాత అదే వాక్యాన్ని ఇద్దరూ కలిసి పైకి చదవండి. వీలైతే వారి వేలే మాటల కింద నడవాలి. రెండు మూడు సార్లు కలిసి చదివాక మీ గొంతు తగ్గిస్తూ వచ్చి, చివరికి వారిని ఒంటరిగా చదవనివ్వండి. ఆ తరువాత ఏదైనా ఒక మాట మీరు పలికి, అది ఎక్కడుందో చూపించమనండి. ఇంకో మాటను మీరు చూపించి, చదవమనండి. అప్పుడే రెండో వాక్యానికి వెళ్ళండి. అఫేసియా ఉన్నవారికి థెరపిస్టులు చేయించే పద్ధతుల్లో ఇలా కలిసి చదవడం ఒకటి, ఇంట్లో చేయించడానికి అన్నిటికంటే అనువైనది కూడా.

ఒక మాట దగ్గర ఆగిపోతే పది లెక్కపెట్టేంతసేపు ఊరుకోండి. అప్పటికీ రాకపోతే మొదటి అక్షరం అందించండి. అదీ చాలకపోతే మాట మొత్తం చెప్పి ముందుకు సాగండి.

5. లోపాన్ని బట్టి మార్పులు చేయండి

ఎడమ వైపు వదిలేసేవారికి ప్రతి పుటలో ఎడమ అంచున పైనుంచి కిందికి మందంగా ఎర్ర గీత గీయండి. "ఎర్ర గీత కనిపించేదాకా తల తిప్పండి, అక్కడి నుంచి మొదలుపెట్టండి" అన్నదొక్కటే నియమం. ప్రతి పంక్తికీ ఇదే మాట అనవలసి వస్తుంది. వారాలు గడిచేకొద్దీ మీరు అనడం తగ్గి, వారే గీతను వెతుక్కోవడం మొదలవుతుంది. తరువాత గీతను సన్నం చేస్తూ పోయి, చివరికి తీసేయండి.

కుడి వైపు కనిపించనివారికి మాట చివరి అక్షరం చూసేదాకా నోరు విప్పకూడదన్నది నియమం. నల్ల అట్ట కిటికీ ఇక్కడ బాగా ఉపయోగపడుతుంది. పొడవాటి మాటలను మొదట్లో పెన్సిలుతో విడగొట్టి ఇవ్వండి: వెళ్ళ / లేక / పోయారు. కుడి నుంచి ఎడమకు కదిలిపోయే అక్షరాలను చదివించడం ద్వారా ఇలాంటివారి వేగం పెరిగిందని లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు చూపించారు. టీవీ తెర అడుగున పరుగెత్తే వార్తల పట్టీ కూడా అదే దిశలో కదులుతుంది గానీ, దాని వేగం మన పనికి చాలా ఎక్కువ. వేగాన్ని తగ్గించగలిగే సాధనం ఏదైనా దొరుకుతుందేమో మీ థెరపిస్టును అడగండి. పంక్తిని దాటడం మరీ కష్టంగా ఉంటే పుస్తకాన్ని ఏటవాలుగా తిప్పి చూడండి. కొందరికి అది సుఖంగా ఉంటుంది.

అక్షరాలే పోల్చుకోలేనివారికి చేతి ద్వారా చదవడం నేర్పాలి. అచ్చులోని అక్షరాన్ని చూస్తూ చూపుడు వేలితో దాన్నే అరచేతిలో దిద్దమనండి. చేతికి గుర్తున్న అక్షరం కంటికి అందుతుంది. ప, వ, ష, స, మ, య, ద, ధ వంటి దగ్గరి ఆకారాలను ఒకేసారి ఇవ్వకండి, ఒకటి స్థిరపడ్డాక రెండోది తీసుకోండి. ఇలా చదవడం మొదట్లో చాలా నెమ్మదిగా ఉంటుంది, ఒక్క మాటకు అరనిమిషం పట్టినా కంగారుపడవద్దు.

జ్ఞాపకం నిలవనివారికి చిన్న కథలు, ఉత్తరాలు, ఒక్క పుటలో ముగిసేవి ఎంచుకోండి. నవలే కావాలంటే, చదివిన భాగంలో ఎవరు ఏం చేశారో రెండు ముక్కల్లో ఒక చీటీ మీద రాసి పుటల మధ్య పెట్టండి. మర్నాడు ఆ చీటీతో మొదలుపెట్టవచ్చు.

6. చెవిని కూడా వాడండి

"వింటే అలవాటైపోయి ఇక చదవరేమో" అని చాలామంది భయపడతారు. ఆ భయం అక్కరలేదు. పది నిమిషాల సాధనతో కథ ముందుకు సాగదు, కథ సాగకపోతే చదవాలన్న కోరికే ఉండదు. సాధన ఉదయం కంటితో జరగాలి, కథ సాయంత్రం చెవితో సాగాలి. ఉదయం చదివిన పుట దగ్గరే సాయంత్రం మీరు అందుకుని పది పుటలు చదివి వినిపించండి. మీకు తీరిక లేకపోతే ఆండ్రాయిడ్ ఫోన్లలో తెరమీది పాఠాన్ని తెలుగులో చదివి వినిపించే గొంతు ఉంది. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కింద వెతకండి. ఆ గొంతు సంధులనూ ఒత్తులనూ కొన్నిచోట్ల తప్పుగా పలుకుతుంది కాబట్టి, మనిషి చదివిన రికార్డింగు దొరికితే అదే మేలు. మనవలతో రోజుకు ఒక పుట చదివించి ఫోనులో రికార్డు చేయించే ఇళ్ళున్నాయి. అంతకంటే మంచి ఏర్పాటు నాకు తోచదు.

తరచుగా జరిగే తప్పులు

ప్రతి తప్పునూ దిద్దడం వీటిలో మొదటిది. అర్థం చెడనంతవరకు వదిలేయండి. అర్థం చెడితే వాక్యం పూర్తయ్యాక మాత్రమే వెనక్కు రండి. బంధువుల ఎదుట చదవమని అడగడం రెండోది. ప్రేమతో చేసే పనే అయినా, ఆ రోజు తడబడితే వారంపాటు పుస్తకం ముట్టరు. "నిన్న వచ్చిందిగా, ఇవాళ ఎందుకు రాదు?" అనడం అన్నిటికంటే హాని చేస్తుంది. నిద్ర, బీపీ, మందులు, వేడి, ఏవైనా సరే ఆ రోజు చదువును మార్చేస్తాయి. తెలుగు రావడం లేదని ఇంగ్లీషుకో, ఇంగ్లీషు రావడం లేదని తెలుగుకో బలవంతంగా మార్చడం కూడా తప్పే. రెండు భాషలు తెలిసినవారిలో ఏది ముందు తిరిగి వస్తుందో ముందుగా చెప్పలేం, రెండింటినీ కొద్దికొద్దిగా చూపించి ఏది అందితే దానితో మొదలుపెట్టండి. చదువు కుదురుతోందన్న ఉత్సాహంలో బీపీ మాత్ర మరిచిపోవడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ జరగకూడదు.

పని జరుగుతోందో లేదో సరిచూడడం

రోజూ కొలవకండి. వారానికి ఒకసారి, ఒకే సమయానికి, వారు మునుపు చూడని యాభై మాటల పాఠాన్ని ఇవ్వండి. పట్టిన సమయం, వదిలేసిన లేదా మారిపోయిన మాటల లెక్క, చదివినదాన్ని తమ మాటల్లో చెప్పగలిగారా లేదా అన్న మూడు సంగతులను నోటు పుస్తకంలో రాయండి. సాధన చేసిన పాఠంతోనే కొలిస్తే జ్ఞాపకమే చదువులా కనిపించి మిమ్మల్ని మోసం చేస్తుంది. దాన్ని కనిపెట్టడానికి మరో ఉపాయం ఉంది: బాగా అలవాటైన పాఠాన్ని తిరిగి రాసి, అందులో "శనివారం"ను "సోమవారం"గా మార్చి ఇవ్వండి. మార్పును పట్టుకుంటే నిజంగా చదువుతున్నట్టే.

వేగం పెరగకపోయినా, వదిలేసిన మాటలు తగ్గితే అది ప్రగతే. అడగకుండానే కళ్ళజోడు తెచ్చుకోవడం, మందుల డబ్బా మీద పేరు చదవడం, బస్సు బోర్డు చూసి ఊరి పేరు చెప్పడం వంటివి ఏ కొలతలోనూ పడవు. తేదీ వేసి వాటిని కూడా రాయండి.

ఆరేడు వారాలు క్రమంగా చేసినా లెక్కల్లో ఏ మార్పూ కనిపించకపోతే, లేదా మొదటి నుంచీ ఏ లోపమో మీకు అర్థం కాకపోతే, నిపుణులకు చూపించండి. భాషకు సంబంధించిన లోపాలకు సికింద్రాబాదులోని అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం, మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఉన్నాయి. పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లోనూ స్పీచ్ థెరపీ గురించి అడగండి. చూపు లోపానికి హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో చూపు తగ్గినవారికి సాధన నేర్పే విభాగం ఉంది. వెళ్ళేటప్పుడు స్కాన్ ఫిల్ములు, మందుల చీటీలతో పాటు మీ నోటు పుస్తకం, వారు చదువుతున్న పెద్ద అచ్చు కాగితం ఒకటి, వారి పాత కళ్ళజోడు తప్పకుండా తీసుకువెళ్ళండి. మొదటి రోజు వారు ఏ మాటను ఎలా చదివారో మీరు రాసిపెట్టుకున్న ఆ పుటనే ముందుగా థెరపిస్టుకు చూపించండి.